గాలి వచ్చే ఫ్లాటు

సుమంగల్ అపార్ట్‌మెంట్ సెక్రటరీ జశ్వంత్‌భాయ్ పరీఖ్ ఇరవయ్యారేళ్ల క్రితం నాలుగో అంతస్తులో పదమూడో నంబరు ఫ్లాటు కొన్నాడు. కింది అంతస్తులవి అప్పటికే అమ్ముడైపోయాయి కాబట్టి కొన్నాడు. ఇంటికొచ్చి భార్యతో మాత్రం, పై అంతస్తే కావాలని పట్టుబట్టి తీసుకున్నాననీ, గాలి బాగా వస్తుందనీ చెప్పాడు.

అహ్మదాబాద్‌లో నాలుగో అంతస్తు మీద డాబా ఉంటుంది, డాబా మీద సూర్యుడుంటాడు, మధ్యలో ఇంకెవరూ ఉండరు. స్లాబు పగలంతా తాగిన ఎండని సాయంత్రం నుంచి తీరిగ్గా ఇంట్లోకి వదులుతుంది. రంజన్‌బెన్ ఇరవయ్యారు ఎండాకాలాలు ఆ గాలి కోసం ఎదురుచూసింది. ఆ మాట ఎత్తినప్పుడల్లా జశ్వంత్‌భాయ్ లేచి కిటికీ రెక్క ఇంకో రెండంగుళాలు తెరిచి, ఇప్పుడిప్పుడే మొదలవుతోంది చూడు అనేవాడు.

ఇంట్లో ఏసీ లేక కాదు. హాల్లో ఉంది. రంజన్‌బెన్ అల్లిన లేసు గలీబు కూడా ఉంది దానికి. కానీ అది చుట్టాలొస్తే వేసే ఏసీ. ఇద్దరే ఉన్నప్పుడు ఏసీ వేసుకోవడమంటే ఇద్దరే ఉన్నప్పుడు పండగ భోజనం వండుకోవడం లాంటిదని ఆ ఇంటి అభిప్రాయం. అందుకని రంజన్‌బెన్ కొన్నేళ్లుగా మే నెలలో వరసపెట్టి చుట్టాల్ని భోజనానికి పిలుస్తోంది. పరీఖ్ వాళ్లంత ఆప్యాయత ఎవరికీ లేదని బంధువుల్లో పేరు.

కానీ చుట్టాలు వంటింట్లో కూర్చోరు. పోయిన మే నెలలో ఓ మధ్యాహ్నం రోట్లీలు వత్తుతూ వత్తుతూ రంజన్‌బెన్ పీట మీదికే వాలిపోయింది. జశ్వంత్‌భాయ్, అన్నిటికన్నా కింది ఫ్లాటు కిరీట్‌భాయ్ కలిసి ఆవిణ్ణి నాలుగంతస్తులూ మోసుకుని దిగి, కిరీట్‌భాయ్ వాళ్ల నాపరాళ్ల గచ్చు మీద పడుకోబెట్టారు. డాక్టరు వచ్చి ఉప్పూ పంచదారా నీళ్లు పట్టించి, ఇంకోసారి ఆ స్లాబు కింద మధ్యాహ్నాలు గడిపితే నన్ను పిలవకండి, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి అన్నాడు. ఆ గచ్చు మీద పడుకుని కళ్లు తెరిచిన రంజన్‌బెన్ మొదట అన్న మాట, "ఎంత చల్లగా ఉందో వీళ్లిల్లు," అని. జశ్వంత్‌భాయ్‌కి ఆ మాట డాక్టరు మాట కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఈ ఏడు ఆవిడ పోట్లాడలేదు. ఏప్రిల్ చివర్లో చెల్లెలు భారతికి ఫోన్ చేసి, శనివారం పొద్దున రైలుకి సూరత్ వస్తున్నాననీ, వానలు పడేదాకా ఉంటాననీ చెప్పింది. సూరత్‌లో నిజంగానే గాలి వస్తుంది.

రెండు నెలలు. జశ్వంత్‌భాయ్‌కి వంటొచ్చు, బట్టలు ఉతుక్కోవడం వచ్చు. ఇబ్బంది అది కాదు. రోజూ నాలుగింటికి ఇద్దరూ ఒకే కప్పు టీ తాగుతారు. ఆయన కప్పులో సగం సాసర్లోకి వంపుతాడు, సాసర్ ఆవిడది, కప్పు ఆయనది. పెళ్లయిన కొత్తలో కప్పులు తక్కువై మొదలైన ఏర్పాటు, తర్వాత డజన్లకొద్దీ కప్పులు వచ్చినా మారలేదు. ఆ సాసర్‌ని రెండు నెలలపాటు ఏం చేసుకోవాలో ఆయనకి తెలియలేదు.

దీనికి మందు లేకపోలేదు. డాబాకి తెల్లటి చలవ పూత వేయిస్తే ఇల్లు నాలుగైదు డిగ్రీలు తగ్గుతుందని అందరికీ తెలుసు. సొసైటీ మీటింగులో జశ్వంత్‌భాయ్ ఆ సంగతి మూడేళ్లు వరసగా పెట్టాడు. డాబా అందరిదే కానీ వేడి పై అంతస్తు వాళ్లదని కింది మూడంతస్తులూ మూడేళ్లూ ఒకే మాట మీద నిలబడ్డాయి. పన్నెండు ఫ్లాట్లు ఇంత ఐకమత్యంగా ఉండడం సుమంగల్ చరిత్రలో ఇంకెప్పుడూ లేదు.

అలాంటి సమయంలో నగరపాలిక తరఫున కృపాలీ సోలంకి వచ్చింది.

ముప్పై ఏళ్లు కూడా లేని అమ్మాయి. డ్రోన్ నడిపే పైలట్. వార్డులో ఏ ఇంటి కప్పు ఎంత కాలుతోందో వేడిని చూసే కెమెరాతో పైనుంచి కొలిచి పటం తయారు చేస్తారనీ, మరీ ఎర్రగా తేలిన డాబాలకి ఈ వేసవిలోనే ఉచితంగా చలవ పూత వేస్తారనీ, డ్రోన్ ఎగరేయడానికి సుమంగల్ వాకిలి కావాలనీ చెప్పింది. చెప్పి ఓ ఫైలు తీసి బల్ల మీద పెట్టింది.

జశ్వంత్‌భాయ్ జిల్లా కోర్టు రికార్డు రూములో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాడు. ఫైలు చూడగానే కళ్లజోడు తుడుచుకున్నాడు. అందులో డ్రోన్ రిజిస్ట్రేషను నంబరు ఉంది. కృపాలీ పైలట్ సర్టిఫికెట్టు ఉంది. బీమా కాగితం ఉంది. ఈ పేట విమానాశ్రయం చుట్టూ గీసిన పసుపు వలయంలోకి వస్తుంది కాబట్టి విమానాలు చూసుకునే కార్యాలయం ఇచ్చిన అనుమతి ఉంది: బుధవారం, మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు, ఇంత ఎత్తుకి మించకుండా. పోలీస్ స్టేషనుకి తెలియజేసిన ఉత్తరం, దాని మీద ముద్ర కూడా ఉంది. ముద్ర సరిగ్గా కాగితం మూల పడింది. రిటైరయ్యాక ఇంత పద్ధతైన మనిషిని ఆయన చూడలేదు.

"దీక్రీ, టీ తాగుతావా?" అన్నాడు, సొంత కూతుర్ని పిలిచినట్టు. లోపలికి చూసి, ఏసీ వేయమన్నాడు. రంజన్‌బెన్ గలీబు తీసి ఏసీ వేసి, అక్కడే కూర్చుంది.

వాకిలి వాడుకోవడానికి సెక్రటరీ సంతకం ఒక్కటి చాలని కృపాలీ అంది. జశ్వంత్‌భాయ్ ఒప్పుకోలేదు. కెమెరా అంటే కెమెరాయే, ఇళ్లలో మనుషులుంటారు, రేపు ఎవరైనా కోర్టుకెక్కితే? ఈ కెమెరాకి మొహాలు కనిపించవు కాకా, మనిషంటే దానికి ఓ పసుప్పచ్చ మరక, అంతే అని ఆ అమ్మాయి చెప్పింది. మరకలకి కూడా హక్కులుంటాయని ఆయన అన్నాడు. చట్టం ఒక సంతకం అడిగితే జశ్వంత్‌భాయ్ పదహారు ఇస్తానన్నాడు.

పద్నాలుగు రెండు రోజుల్లో వచ్చేశాయి. రెండో అంతస్తు పుష్పాబెన్, కింద కిరీట్‌భాయ్ ఇవ్వలేదు.

పుష్పాబెన్ అభ్యంతరం ఛుందో గురించి. సుమంగల్ ఆడవాళ్లందరూ మామిడికోరు, పంచదార కలిపి డాబా మీద ఎండలో పెడతారు. ఎండకే పాకం రావాలి, పొయ్యి ముట్టుకోకూడదు. పక్క సొసైటీలో పది రోజులు పట్టే ఛుందో సుమంగల్ డాబా మీద ఆరు రోజుల్లో అయిపోతుంది. ఆ డాబా చల్లబడితే ఛుందో ఏం కావాలి? పైన పరీఖ్ వాళ్ల సుఖం చూసుకోవాలా, పదహారు ఇళ్ల పచ్చడి చూసుకోవాలా? జశ్వంత్‌భాయ్ గంటసేపు మాట్లాడి తిరిగొచ్చాడు. కిరీట్‌భాయ్‌ది ఇంకో గొడవ. పెరట్లో ప్లాను లేకుండా వేసుకున్న రేకుల గది ఉంది, అందులో చీరల ఫాల్స్ సరుకు ఉంటుంది. ఆ సంగతి చెప్పకుండా, దేశ భద్రత దృష్ట్యా తను డ్రోన్లకి వ్యతిరేకమన్నాడు.

రెండు ఖాళీ గడులున్న కాగితం చూసి రంజన్‌బెన్ లేచి నిలబడింది. సూరత్ సంచీ అప్పటికే మంచం కింద తెరిచి ఉంది. తర్వాత కాగితం తీసుకుని కిందికి దిగింది. ఈ ఏటి ఛుందో పూర్తయ్యాకే పూత వేస్తారు, వచ్చే ఏటికి పక్క సొసైటీ డాబా మనం వాడుకునేలా నేను మాట్లాడతానని పుష్పాబెన్‌కి చెప్పింది. కిరీట్‌భాయ్‌తో అంతకన్నా తక్కువ మాట్లాడింది. సంతకం పెట్టని ఇంటిని పటంలో నల్లగా వదిలేస్తారట, చూసేవాళ్ల కన్ను ముందు ఆ నల్లటి గడి మీదే పడుతుందట అంది. పావుగంటలో పైకొచ్చింది. పదహారూ ఉన్నాయి.

"ఇలా అని చట్టంలో ఉందా?" అన్నాడు జశ్వంత్‌భాయ్.

"లేదు. కిరీట్‌భాయ్‌లో ఉంది," అంది రంజన్‌బెన్.

ఆ ఉత్సాహంలో ఆయన నోటీసు రాయడానికి కూర్చున్నాడు. సుమంగల్ నోటీసు బోర్డు మీద ఆయన నోటీసులు ఎప్పుడూ తొమ్మిది నిబంధనలకి తక్కువ ఉండవు. నీళ్లు రావు అని చెప్పడానికి కూడా తొమ్మిది పడతాయి. ఎగిరే తేదీ, సమయం, ఎత్తు రాశాడు. ఒంటిగంటా నలభై అయిదు నుంచి మూడింటి వరకు డాబా మీద ఎవరూ ఉండరాదని నాలుగో నిబంధన. పావురాలకి గింజలు వేయరాదని ఆరో నిబంధన. ఎనిమిదికి విషయం అయిపోయింది. ఎనిమిదితో ఆపడం ఆయనకి చేతకాలేదు. కాసేపు పెన్ను మూత కొరికి, తొమ్మిదోది రాశాడు:

'పైనుండి చిత్రీకరణ జరుగుచున్నందున, సభ్యులందరూ సొసైటీ పరువు ప్రతిష్ఠలను కాపాడవలెను.'

బుధవారం వచ్చింది. నలభై నాలుగు డిగ్రీలు. జశ్వంత్‌భాయ్ పదిన్నర నుంచే గొడుగు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఒకటిన్నరకి కృపాలీ స్కూటర్ మీద వచ్చింది. డ్రోన్ పెట్టె దించకముందే ఆయన ఫైలు అడిగాడు. ముందే చూశారు కదా కాకా అంది. అవి నకళ్లు దీక్రీ, ఈ రోజు అసలువి చూస్తాను అన్నాడు. డ్రోన్ మీద అంటించిన నంబరుని కాగితంలోని నంబరుతో ఒక్కొక్క అక్షరమే పోల్చాడు. సర్టిఫికెట్టు ఫొటోని, ఎండకి కందిన ఆ పిల్ల మొహాన్ని మార్చి మార్చి చూశాడు. ఇదంతా అయ్యేసరికి రెండూ పది. ఆ అమ్మాయి విసుక్కోలేదు. తనూ ఆ జాతే. గాలి వేగం కొలిచి, చుట్టూ కరెంటు తీగలు చూసి, ఏదో పట్టీలో టిక్కులు పెట్టుకుంటూ ఇంకో అయిదు నిమిషాలు తీసుకుంది.

డ్రోన్ లేచింది. పెద్ద సైజు ఈగలా మోత చేస్తూ నాలుగంతస్తులు దాటి, డాబాల మీద వరసలు వరసలుగా నడవడం మొదలెట్టింది. కృపాలీ చేతిలోని తెర మీద పేటంతా కనిపించింది. రోడ్డు కాషాయం రంగు. పక్క సొసైటీ డాబా ఎరుపు. ఎదురు బడి రేకుల కప్పు తెలుపుకి దగ్గర పడింది, అది అన్నిటికంటే వేడి అని అమ్మాయి చెప్పింది. జశ్వంత్‌భాయ్ తన డాబా కోసం ఆశగా వెతికాడు. జీవితంలో మొదటిసారి తన ఇల్లు అందరి కంటే అధ్వాన్నంగా కనిపించాలని కోరుకుంటున్నాడు.

ఎర్రటి పేట మధ్యలో నీలంగా, నిర్మలంగా, చెరువులా ఓ చదరం కనిపించింది.

"కాకా, మీ డాబా మీద ఈత కొలను ఉందా?" అంది కృపాలీ.

అదే సమయానికి మెట్ల మీంచి రంజన్‌బెన్ దిగొచ్చింది. చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. వెనక పుష్పాబెన్, ఇంకో ఏడెనిమిది మంది, చేతుల్లో చీపుళ్లు. మధ్యాహ్నం నిద్ర మానుకున్న మొహాలన్నీ వెలిగిపోతున్నాయి. నగరపాలిక కెమెరా మన డాబా చూస్తుందంటే ఊరుకుంటామా అని పదకొండింటికే పైకెక్కారట. ఛుందో గిన్నెలకి వాసెన కట్టినవి పాత లంగాల ముక్కలు కాబట్టి గిన్నెలన్నీ కిందికి దించేశారట. విరిగిన కూలర్లు, కుక్కి మంచాల మీద ఇళ్లలో ఉన్న తెల్ల దుప్పట్లన్నీ తెచ్చి తడిపి కప్పారట. కిరీట్‌భాయ్ ట్యాంకు వాల్వు తిప్పి గొట్టం అందించాడట. దేశ భద్రతని పక్కన పెట్టి తనే రెండు మూలలు కడిగాడట. నాలుగో నిబంధన ప్రకారం అయిదు నిమిషాల ముందే, ఒంటిగంటా నలభైకి అందరూ దిగిపోయి, చీపుళ్లు పట్టుకునే మెట్ల నీడలో కూర్చున్నారట. ఎవరూ నోటీసు మీరలేదు.

"మా పడకగది పైన ఉన్న చోటు నేనొక్కదాన్నే మూడుసార్లు కడిగాను," అంది రంజన్‌బెన్, ఆయాసపడుతూ. "సెక్రటరీ గారి నెత్తిమీదే మురికని ఎవరూ అనకూడదు కదా. ఎలా ఉంది అమ్మాయ్, పైనుంచి?"

కృపాలీ తెర వైపు చూసింది, జశ్వంత్‌భాయ్ వైపు చూసింది.

"చాలా చల్లగా ఉంది బెన్," అంది.

రంజన్‌బెన్ దాన్ని మెచ్చుకోలు అనుకుని పుష్పాబెన్ వైపు గర్వంగా చూసింది. ఆ తర్వాత భర్త మొహం చూసింది. చీపురు గోడకి ఆనించింది.

సంగతి అర్థమయ్యాక తలా ఓ ఉపాయం చెప్పారు. పుష్పాబెన్ తడి దుప్పట్లు లాగేస్తానంది, లాగేసింది కూడా. ఎండకి పైతడి తొందరగానే ఆరింది గానీ, పదకొండింటి నుంచి నీళ్లు తాగిన స్లాబు అంత తొందరగా వేడెక్కదు. రెండూ నలభై అయిదుకి డ్రోన్ ఇంకోసారి పైన తిరిగింది. నీలం కాస్తా ఆకుపచ్చకి వచ్చింది, అంతే. జాబితాలోకి ఎక్కాలంటే ఎరుపు రావాలి. ఇంకో ముప్పావుగంటాగి ఎగరెయ్యమ్మా, మూడున్నరకి పైకి చూసేదెవరు అన్నాడు కిరీట్‌భాయ్.

"పైకి చూసేవాళ్లు విమానాశ్రయంలో ఉంటారు కాకా. వాళ్ల ఉద్యోగమే అది," అంది కృపాలీ. మూడుకి నాలుగు నిమిషాలుండగా డ్రోన్ దించి పెట్టెలో పెట్టేసింది.

జశ్వంత్‌భాయ్ ఆ అమ్మాయి చేసింది నూటికి నూరుపాళ్లు సరైందని అనుకున్నాడు. మనసు అంతగా కుంగిపోతున్నా ఆ మాట అనుకోకుండా ఉండలేకపోయాడు. మళ్లీ అనుమతి రావాలంటే వారాలు పడుతుంది, జాబితా శుక్రవారం సాయంత్రంతో మూసేస్తారు. శనివారం పొద్దున రైలు.

చివరికి సంతకం చేయాల్సిన ఫారం ఒకటి మిగిలింది. అందులో ఓ గడి ఉంది: కొలత సమయంలో పైకప్పు మామూలు స్థితిలో ఉన్నదా? కిరీట్‌భాయ్ భుజం మీంచి వంగి చూసి, ఉన్నదని రాసేయండి, మన సొసైటీ శుభ్రతకి ప్రభుత్వ రికార్డు ఉంటుంది అన్నాడు. నిజానికి అలా రాస్తే ఎవరికీ మాట రాదు. అహ్మదాబాద్‌లో అతి చల్లటి డాబా తమదని మనవలకి కూడా చెప్పుకోవచ్చు.

రంజన్‌బెన్ మెట్ల మీద కూర్చుని తడి కొంగు పిండుకుంటోంది. ఎవరి వైపూ చూడడం లేదు. మూడుసార్లు కడిగింది తను.

జశ్వంత్‌భాయ్ రాశాడు: 'లేదు. సెక్రటరీ జారీ చేసిన నోటీసులోని తొమ్మిదవ నిబంధన వలన సభ్యులు డాబాను నీటితో కడిగియున్నారు. సదరు నిబంధన అనవసరము. బాధ్యత సెక్రటరీది.' కింద పూర్తి పేరుతో సంతకం, తేదీ, సమయం.

కృపాలీ అది చదివింది. ఇంకోసారి చదివింది. తర్వాత సంచీలోంచి ఇంకో ఫారం తీసింది. పైనుంచి తీసిన కొలత చెల్లదని ఇంటివాళ్లే రాసిచ్చినప్పుడు వాడే ఫారం ఇది, ఇంతవరకు ఎవరూ అలా రాసివ్వలేదు కాబట్టి కొత్తగానే ఉంది అంది. ఇంట్లో నిలబడి చేత్తో కొలిచే పరికరంతో స్లాబు అడుగు వేడి చూడాలి. దానికి విమానాల వాళ్ల అనుమతి అక్కర్లేదు, ఇంటివాళ్లు తలుపు తీస్తే చాలు. మరి పైన కడిగేశాం కదా అని రంజన్‌బెన్ తలెత్తింది. నీళ్లు పైన పడ్డాయి బెన్, ఆ కబురు స్లాబు అడుక్కి చేరేసరికి సాయంత్రమవుతుంది అంది అమ్మాయి.

ముగ్గురూ నాలుగంతస్తులు ఎక్కారు. జశ్వంత్‌భాయ్ అలవాటుగా ఏసీ గలీబు మీద చెయ్యి వేశాడు, చుట్టం వచ్చింది కదా అని. రంజన్‌బెన్ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. పడకగదిలో కృపాలీ పిస్తోలు లాంటి పరికరాన్ని పైకెత్తి మీట నొక్కింది. మూడు చోట్ల కొలిచింది. వంటింట్లో పొయ్యి పీట పైన ఇంకోసారి కొలిచి, అంకె చూసి, గట్టిగా ఊపిరి వదిలి, మీరు ఇక్కడ వంట చేస్తారా అని రంజన్‌బెన్‌ని అడిగింది. ఇరవయ్యారేళ్లుగా అంది రంజన్‌బెన్.

అంకెలు సరిపోయాయి. కానీ అంకెలతో పాటు ఇంటి యజమాని సొంత చేతిరాతతో ఓ వాంగ్మూలం ఇవ్వాలి: ఈ ఇంట్లో ఎండాకాలం ఎలా గడుస్తుంది, ఎన్నాళ్ల నుంచి.

జశ్వంత్‌భాయ్ బల్ల ముందు కూర్చున్నాడు. వాంగ్మూలాలు ఆయనకి కొత్త కాదు, ముప్పై నాలుగేళ్లు వేలకొద్దీ కట్టలు కట్టాడు. అన్నీ వేరేవాళ్లవి. రంజన్‌బెన్ మంచం మీద కూర్చుని సూరత్ సంచీలోకి చీరలు మడతపెడుతోంది. ఆయన రాశాడు: 'గృహము ఎండాకాలమున కొంత వెచ్చగానుండును. అయితే సాయంత్రములందు పడమటి కిటికీ నుండి అప్పుడప్పుడు గాలి—'

కృపాలీ పక్కనుంచి చూసి, "కాకా, గాలి వస్తుందని రాస్తే మిమ్మల్ని రెండో జాబితాలో వేస్తారు. అది వచ్చే ఏడాది," అంది.

మంచం దగ్గర చీర మడత ఆగింది. ఇరవయ్యారేళ్లలో ఆ గాలి మీద అనగలిగినవన్నీ రంజన్‌బెన్ ఎప్పుడో అనేసింది. ఇప్పుడు ఒక్క మాటైనా అనలేదు. అదే ఆయనకి కష్టమైంది.

రాసినదాన్ని ఆయన చింపలేదు. కాగితం చింపడం నేరమని ఆయన నమ్మకం. ఒక్క గీత అడ్డంగా కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద మళ్లీ మొదలెట్టాడు. ఈసారి కోర్టు భాష రాలేదు.

'ఈ ఫ్లాటు కొన్న రోజున గాలి బాగా వస్తుందని నా భార్య రంజన్‌కి చెప్పాను. గాలి రాదు. ఏనాడూ రాలేదు. ఆ సంగతి నాకు మొదటి వేసవిలోనే తెలుసు. తను ఈ వేడిలోనే ఇరవయ్యారేళ్లు వండి పెట్టింది. పోయిన మే నెలలో స్పృహ తప్పి పడిపోయింది. ఆ రోజు నుంచి నాకు మధ్యాహ్నాలంటే భయంగా ఉంది. ఇది నిజం.'

సాక్షి సంతకం ఒకటి కావాలని కృపాలీ చెప్పింది. ఆయన కాగితం భార్య ముందు పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. రెక్క తెరవబోయి మానేశాడు.

రంజన్‌బెన్ కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. అయ్యాక మళ్లీ మొదటి వాక్యం నుంచి చదివింది. సంతకం చేసి, కాగితం ఆ అమ్మాయికి ఇవ్వకుండా చేత్తో పట్టుకుంది.

"దీనికి ఓ జెరాక్స్ తీయించండి," అంది భర్తతో. "ఒకటి ప్రభుత్వానికి, ఒకటి నాకు. నాదాని మీద ముద్ర కూడా వేయించండి."

జశ్వంత్‌భాయ్ ఆ ఎండలోనే వీధి చివర దాకా వెళ్లి జెరాక్స్ తీయించి, సొసైటీ ముద్ర వేసి తెచ్చాడు. ముద్ర సరిగ్గా మూల పడింది. ఆవిడ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పెళ్లి ఫొటోలుండే అరలో దాచింది. కృపాలీ వెళ్లేసరికి నాలుగు దాటింది. టీ తయారైంది. ఆయన కప్పులో సగం సాసర్లోకి వంపాడు.

"భారతికి ఫోన్ చెయ్యాలి," అంది రంజన్‌బెన్ సాసర్ ఊదుతూ.

శనివారం గురించా అన్నాడాయన, కప్పులోకి చూస్తూ.

"ఊఁ. సూరత్ నుంచి తననే రమ్మంటాను. చుట్టమొస్తే ఏసీ వేసుకోవచ్చుగా."

భారతి వచ్చి ఇరవై రోజులుంది. ఏసీ ఇరవై రోజులూ నడిచింది. ఆవిడ వెళ్లిపోయాక కూడా గలీబు దాని మీదికి తిరిగి ఎక్కలేదు. దాన్ని ఎందుకు తొడగలేదని జశ్వంత్‌భాయ్ అడగలేదు.

తెల్ల పూత వేసేవాళ్లు జూన్ రెండో వారంలో వచ్చారు, ఛుందో జాడీలకెత్తిన మర్నాడు, వానలకి వారం ముందు. డాబా కళ్లు చెదిరేలా తెల్లబడింది. జశ్వంత్‌భాయ్ చెప్పులతో ఎక్కరాదని నోటీసు పెట్టాడు. అందులో ఎనిమిది నిబంధనలే ఉన్నాయి. తొమ్మిదో నంబరు వేసి ఖాళీగా వదిలాడు. పదహారు ఇళ్లవాళ్లూ బోర్డు ముందు ఆగి, ఆ ఖాళీలో ఏముండాలో రెండు రోజులు చర్చించుకున్నారు.

ఓ సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ పడమటి కిటికీ దగ్గర కూర్చున్నారు. కప్పు ఆయన చేతిలో, సాసర్ ఆవిడ చేతిలో. ఎక్కడో దూరంగా మబ్బు పడుతున్నట్టుంది. కిటికీ తెర కొంచెం కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. జశ్వంత్‌భాయ్ చూశాడు గానీ నోరు మెదపలేదు. ఆ విషయంలో మాట్లాడే హక్కు తనే సంతకం పెట్టి వదులుకున్నాడు.

"గాలి వస్తోంది కదూ," అంది రంజన్‌బెన్.

ఆయన కప్పు కింద పెట్టి, జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

"రాసిస్తావా?" అన్నాడు.